ఎముకలోని పరంజా

నేను వైద్యకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించిన దినములలో మా విభాగపు గాజు బీరువాలో రెండు తొడయెముకల పైకొసలు, నిలువున ఱంపముతో కోసినవి, ప్రక్కప్రక్కనే ఉండెడివి. ఒకటి ముప్పదియేండ్ల పురుషునిది. రెండవది డెబ్బది దాటిన వృద్ధురాలిది. ఏటేటా క్రొత్తగా చేరిన విద్యార్థుల చేతికి ఆ రెండింటిని ఇచ్చి, పాఠమేమియు ఆరంభింపక మునుపే, కిటికీవద్ద వెలుగునకెదురుగా పట్టి చూడుడని చెప్పెడివాడను. వెలుపలినుండి చూచినచో రెండింటి ఆకారమున చెప్పుకొనదగిన భేదమేదియు లేదు. అదే గుండ్రని తల, అదే వంపు తిరిగిన మెడ. లోపలనో, మొదటిదానియందు సన్ననేత వస్త్రమున వడగట్టినట్లు వెలుగు కనబడీ కనబడక వచ్చెడిది. రెండవదానియందు అల్లిక తెగిన బుట్టలోనుండి వలె పెద్దపెద్ద కంతలగుండ దూసికొనివచ్చెడిది. అరచేతిలో నిలిపినంతనే ఆ రెండవ యెముక తేలికదనము చేతికి తెలిసిపోవును. ‘ఎముకలు గుల్లబారినవి’ అని మన యిండ్లలో పెద్దలు అనుకొను మాట ఎంత ఖచ్చితమైనదో ఆ కిటికీవద్ద నిలిచినవారికి వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

అయితే ఆ అల్లిక యథేచ్ఛగా అల్లినది కాదు. 1866 ప్రాంతమున స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున హెర్మన్ ఫన్ మేయర్ అను శరీరనిర్మాణశాస్త్రాచార్యుడు ఇట్టి కోతలనే పండితసభయందు చూపగా, కార్ల్ కుల్మన్ అను ఇంజనీరింగు ఆచార్యుడు వానిని పరికించి, బరువులెత్తు వంపు క్రేనులో బలములు ఏయే దారుల నడచునని తాను గణితముచే గీసియుండెనో, ఇంచుమించు ఆ దారులనే ఎముకలోని సన్నని కమ్ములును పట్టి పోవుచున్నవని గుర్తించెను. తొడయెముక మెడ అడుగుభాగమునుండి తలవఱకు విసనకఱ్ఱవలె విచ్చుకొను కమ్ములు దేహభారమును మోయును. వెలుపలి అంచునుండి మెడ పైభాగముగుండ విల్లువలె వంగి వచ్చు కమ్ములు ఆ భారము లాగు లాగుడును తట్టుకొనును. బెర్లిను నగరపు వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో దీనినే సిద్ధాంతముగా విస్తరించి, ఎముక తనపై పడు బరువునకు అనుగుణముగా తన నిర్మాణమును మార్చుకొనుచుండునని ప్రతిపాదించెను. 1970లో మన దేశపు వైద్యుడు మన్మోహన్ సింగ్, ఆయన సహచరులు, సామాన్యమైన ఎక్స్‌రే చిత్రములోనే ఈ కమ్ముల గుంపులు వయస్సుతో ఏ వరుసలో మాయమగుచుండునో పరిశీలించి, 6 మొదలు 1 వఱకు మెట్లుగా ఏర్పఱచిరి. క్రొత్త యంత్రములు వచ్చిన పిమ్మట వాడుక తగ్గినను, సింగ్ సూచిక అను పేరుతో అది నేటికిని వైద్యవిద్యార్థుల పాఠములలో నిలిచియున్నది.

మన దేహమునందలి ఎముక పదార్థములో సుమారు 80 పాళ్లు వెలుపల గట్టి పెంకుగా ఉండును. మిగిలిన 20 పాళ్లే లోపలి యీ జాలెముక. బరువున ఐదవవంతైనను, వెన్నుపూసలయందును, మణికట్టునందును, తుంటియందును, అనగా ముసలితనమున ఎక్కువగా విఱుగు తావులయందే, దీని ప్రాధాన్యము మెండు. దీని బలము ఎట్టిదో తెలిసికొనగోరువారు కట్టుబడి జరుగుచున్న ఇంటి ముందఱి పరంజాను ఒక్కసారి నిలిచి చూడవలెను. నిలువు బొంగులు ఎంత లావువైనను, వానిని నడుమనడుమ పట్టియుంచు అడ్డబొంగులే లేనిచో మేస్త్రీ దానిపై కాలు మోపడు. ఏలయన, సన్నని నిలువు స్తంభము నలిగి పిండియై కూలుటకు ముందే ప్రక్కకు బద్దవలె వంగి కూలును. ఆ వంగుటకు లెక్క కట్టినవాడు 18వ శతాబ్దపు గణితజ్ఞుడు ఆయిలర్. ఆధారములేని నిడివి రెట్టింపైనచో స్తంభము ఓర్చు బరువు సగమునకు కాదు, నాల్గవవంతునకు దిగిపోవునని ఆతని లెక్క. నడిమి అడ్డబొంగు నొకదానిని విప్పినంతమాత్రమున నిలువుబొంగు నిడివి రెట్టింపగును గదా! తీసివేసిన కఱ్ఱ చిన్నది. పోయిన బలము మూడువంతులు. గుల్లబారు ఎముకలో జరుగునది సరిగా నిదియే. వెన్నుపూసలలో భారమును సూటిగా మోయు నిలువు కమ్ములు చాలకాలము నిలుచును; వానిని కట్టియుంచు అడ్డకమ్ములు ముందుగా సన్నగిలి, తుదకు తెగును. ఒకసారి పూర్తిగా తెగిపోయిన కమ్మిని తిరిగి అతికించుట దేహమునకు ఇంచుమించు అసాధ్యము. ఏలయన క్రొత్త ఎముక పాత ఎముకమీదనే పేరుకొనును గాని శూన్యమున వంతెన కట్టదు. కావుననే కాలయాపన ఈ వ్యాధియందు మిక్కిలి హానికరము.

ఇంతవఱకు కట్టుబడిని గూర్చి చెప్పితిని, ఇక ముడిసరకు. తరగతిలో నేను చూపుచుండిన ప్రయోగమొకటి కలదు. సన్నని ఎముకనొకదానిని నీరు కలిపిన ఆమ్లములో కొన్నిదినములు నానవేసినచో అందలి ఖనిజమంతయు కరగిపోయి, ఆకారము చెడకుండనే తాడువలె మెత్తనై ముడివేయుటకు వీలగును. అట్టి మఱియొక ఎముకను నిప్పులో కాల్చినచో అందలి కొల్లాజెన్ అను మాంసకృత్తు మాడిపోయి, తెల్లగా, చూపునకు గట్టిగా నిలిచియున్నను, వ్రేలితో నొక్కగానే పొడియగును. మన పల్లెలలో మట్టిగోడ పెట్టువారు మట్టిలో వరిగడ్డి కలిపి త్రొక్కుదురు. మట్టి గట్టిదనమునిచ్చును, గడ్డి గోడను చీలిపోనీక పట్టియుంచును. ఎముకలో కాల్షియము, భాస్వరము కలిసిన ఖనిజము మట్టి, కొల్లాజెన్ గడ్డి. వయస్సు మీఱినకొలది ఆ గడ్డిపోచలును సాగుగుణము కోలుపోయి పెళుసుబారును. కాబట్టి ముసలియెముక తగ్గుటయే గాక మిగిలినదియు మునుపటివలె ఉండదు.

ఎముక జడపదార్థమని తలచువారు పెక్కుమంది కలరు గాని, అది మన చర్మమువలెనే నిత్యము పాతది పోయి క్రొత్తది వచ్చుచుండు జీవధాతువు. తొలుచు కణములు కొన్ని ఒక తావున చేరి, రెండుమూడు వారములలో చిన్న గుంటను త్రవ్వును; పిమ్మట కట్టు కణములు వచ్చి ఆ గుంటను పూడ్చుటకు మూడునాలుగు నెలలు పట్టును. కూల్చుట సులభము, కట్టుట నిదానము. ఈ పని దేహమందంతటను లక్షలకొలది తావులలో ఏకకాలమున సాగుచుండును. వెలుపలి గట్టి పెంకులో ఏడాదికి 3 పాళ్లు మాత్రమే మాఱగా, లోపలి జాలెముకలో సుమారు 25 పాళ్లు మాఱును. నష్టము లోపలనే ముందు కనబడుటకు కారణమిది. ముప్పది యేండ్ల వఱకు పూడిక త్రవ్వకమునకు మించియుండును, కొంతకాలము సరిసమానమగును, ఆ తరువాత ప్రతి గుంటయు రవంత వెలితిగా పూడుచుండును. ఒక్క గుంటలోని వెలితి లెక్కకు రానిది. నలువదియేండ్ల వెలితి లెక్కకు వచ్చును.

స్త్రీలయందు ఈ లెక్క హఠాత్తుగా తలక్రిందులగు సమయమొకటి కలదు. ఈస్ట్రోజన్ అను హార్మోను తొలుచు కణములకు కళ్లెమువంటిది. ముట్లుడిగిన పిదప ఆ కళ్లెము సడలును. ఈ సంబంధమును 1940 ప్రాంతమున అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ స్పష్టముగా నిరూపించెను. ముట్లుడిగిన తొలి ఐదేడేండ్లలోనే కొందఱు స్త్రీలు తమ ఎముక సాంద్రతలో ఐదవవంతు వఱకు కోల్పోవుదురు. ఈ సందర్భమున మన ప్రాంతమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశమునందెల్ల అధికముగా నమోదైన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్నవి. ముప్పదియేండ్లకో, ముప్పదియైదేండ్లకో జరుగు ఈ శస్త్రచికిత్సలో గర్భసంచితోపాటు అండాశయములనుగూడ తీసివేసినచో, ఏబదియవ యేట రావలసిన ఎముక నష్టము ఆ మఱునాటినుండియే మొదలగును. పొలములో కలుపు తీయు పడుచుకూలికి, ఆ శస్త్రచికిత్సకు ముందు, ‘నీ ఎముకల సంగతి యేమి?’ అని యడిగినవారెందఱు? నాకు మిక్కిలి బాధ కలిగించు విషయమిది. అవసరమైనచోట శస్త్రచికిత్స ప్రాణదాయకమే. అవసరము లేనిచోట అది ముప్పదియేండ్ల తరువాత విఱుగబోవు తుంటికి నేడే వేయు పునాది.

పురుషులు ఈ జాబితాలో లేరని అనుకొనరాదు. వారిలో కమ్ములు తెగుటకంటె సన్నగిలుట హెచ్చు; పైగా ఎముక వెలుపలివైపున మందగించిన వేగముతోనైనను పెరుగుచు గొట్టము కైవారమును పెంచుకొనుటచే కొంత రక్షణ కలుగును. డెబ్బది దాటిన పిదప వారికిని ముప్పు దగ్గఱపడును; తుంటి విఱిగిన పురుషులలో మరణములు స్త్రీలలోకంటె ఎక్కువ.

ఇపుడు మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. నన్ను పెంచిన మా మేనత్త తన ఏబదియెనిమిదవ యేట, నూతిచప్టామీద నాచుకు కాలు జాఱి, చేయి ఆనుకొని పడగా మణికట్టు విఱిగినది. డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ 1814లో వర్ణించిన విఱుగుడే అది. ఆఱు వారములు పిండికట్టు వేసిరి, అతికినది, అందఱమును మఱచితిమి. ఏబదియేండ్లు దాటినవారు నిలుచున్న యెత్తునుండి పడినంతమాత్రమున ఎముక విఱిగినచో, మఱియొక ఎముక విఱుగు అవకాశము ఇంచుమించు రెట్టింపగునని వైద్యులెఱుగుదురు. కాని ఆ దినమున విఱిగినది చేయి. కావున చేతికే చికిత్స జరిగినది.

పదేండ్లు గడచినవి. ఒకనాడు బిందె యెత్తుచు నడుము పట్టినదని రెండు వారములు మంచముమీద వాలి, నొప్పి తైలము రాయించుకొని, తనంతటతానే లేచి తిరుగసాగినది. ఆ తరువాతి వేసవిలో నేను సెలవులకు వెళ్లగా, వంటింటి గోడకున్న ఊరగాయ జాడీల అరను చూపి, ‘‘ఒరేయ్ అబ్బాయీ, వడ్రంగిని పిలిచి ఈ అర కాస్త కిందికి దించించరా, జాడీ అందడం లేదు’’ అన్నది. వడ్రంగి వచ్చి నాలుగు వ్రేళ్లు దించెను. పాతికేండ్లుగా ఆమె చేతికి అందిన అర ఆ యేడే ఎందులకు అందకపోయినదని నేను ప్రశ్నించుకొనలేదు. ఎముకలను గూర్చి ఏటేటా పాఠములు చెప్పిన నేను అర దించి ఊరకుంటిని. ఆమె వెన్నుపూసలు ఒకటిరెండు ముందువైపున నలిగి, ఏటవాలుగా కుంగియున్నవి. ఆమె ఎత్తు నాలుగు వ్రేళ్లు తగ్గినది. వెన్నుపూసల విఱుగుళ్లలో మూడింట రెండు ఈ విధముగనే, నడుమునొప్పి యను పేరుతోనో, ఏ పేరును లేకుండగనో, వైద్యునికంట పడకయే పోవును. వంగిన నడుమును మనము ముసలితనమందుము. ముసలితనమొక్కటిచేతనే నడుము వంగదు. పలుమాఱు నలిగిన పూసలచే వంగును. పడుచుదనపు ఎత్తునుండి నాలుగు సెంటీమీటర్లు తగ్గినవారికి వెన్ను ఎక్స్‌రే తీయించుట ధర్మము.

సాంద్రతను కొలుచు యంత్రములు నేడు నగరములన్నిటను కలవు. డెక్సా యను ఆ పరీక్షలో నొప్పి యుండదు. ఎక్స్‌రే మోతాదు స్వల్పము. ఆరోగ్యవంతులైన పడుచువారి సగటునుండి మన ఎముక ఎంత దిగువనున్నదో ఆ పరీక్ష అంకెలో చెప్పును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1994లో ‘మైనస్ 2.5, అంతకు దిగువ’ అను హద్దును గీచినది. ఆ హద్దునకు దిగువనున్నవారు తప్పక జాగ్రత్త పడవలెను. అయితే ఆ హద్దునకు ఎగువనున్నామని నిశ్చింతగా ఉండువారికి నేను చెప్పునది వినవలెను: ఎముకలు విఱిగిన వృద్ధస్త్రీలను లెక్కించి చూచినచో, సగమునకు పైగా ఆ హద్దునకు ఎగువనున్నవారే. యంత్రము కొలుచునది ఖనిజమును. అడ్డకమ్ములు ఎన్ని తెగినవో అది చెప్పదు.

సాంద్రతయే బలము కాదనుటకు మన తెలుగునేలకంటె దృష్టాంతము వేఱొకటి అక్కఱలేదు. నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలు చెడుట 1937లో వైద్యపత్రికలకెక్కినది. కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతములలోను, నల్లగొండలోను ఆ నీరు త్రాగి మెడ త్రిప్పలేక, నడుము వంచలేక బ్రదికిన తరములు గలవు. వారి వెన్ను ఎక్స్‌రే తీసినచో ఎముకలు సుద్దముక్కలవలె తెల్లగా, దట్టముగా కనబడును. దట్టమేగాని, కట్టుబడి చెడినది, బిరుసేగాని, పెళుసు. ఈ దట్టదనమునే ఆశించి అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ముట్లుడిగిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడు నిచ్చి పరీక్షింపగా, 1990లో వెలువడిన ఫలితములలో నడుము పూసల సాంద్రత నాలుగేండ్లలో 35 పాళ్లు పెరిగెను గాని, పూసల విఱుగుళ్లు చెప్పుకొనదగినంత తగ్గలేదు. ఇతర ఎముకల విఱుగుళ్లు హెచ్చినవి. మన పల్లెల నూతులు ఎన్నడో నేర్పిన పాఠము ఆ విధముగ ప్రయోగశాలలో రుజువైనది.

అందుచే నేటి వైద్యులు ఒక్క అంకెనే నమ్మక, వయస్సు, దేహపు బరువు, ఇదివఱకు విఱిగిన ఎముకలు, తల్లిదండ్రుల తుంటి విఱిగినదా యనునది, పొగ, మద్యము, స్టెరాయిడ్ మందుల వాడకము, కీళ్లవాతము మున్నగువానిని కలిపి, రాబోవు పదేండ్లలో ఎముక విఱుగు అవకాశమును అంచనా వేయుదురు. ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయమున 2008లో సిద్ధమైన ఫ్రాక్స్ అను లెక్క అట్టిది. వీనిలో స్టెరాయిడ్ల మాట మనవారు ప్రత్యేకముగా గుర్తింపవలెను. మోకాళ్ల నొప్పులకని, ఆయాసమునకని, చీటీ లేకుండ పొట్లముకట్టి ఇచ్చు మాత్రలలో అవి కలిసియుండుట కద్దు. తిన్నవారికి నాలుగు దినములు ఒళ్లు తేలికపడును. మూడు నెలలు విడువక తిన్నచో ఎముక తఱిగిపోవును.

మా మేనత్త డెబ్బదియాఱవ యేట, మాఘమాసపు రాత్రి, దొడ్డికి పోవుటకు లేచి, దీపము వేయకయే గడప దాటబోయి, కుచ్చెళ్లు కాలికడ్డుపడగా ప్రక్కకు ఒరిగి పడినది. పోయి చూచునప్పటికి ఎడమకాలు పొట్టియై, పాదము వెలుపలికి తిరిగిపోయి యున్నది. ‘‘ఏం కాలేదురా, తెల్లారాక చూద్దాం’’ అని ఆమె, ‘‘కట్టు కట్టిద్దాం’’ అని బంధువులు. మన దేశమున కట్టు కట్టుట ప్రాచీనవిద్య; పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాడుండడు. అయినను తొడయెముక మెడ ఏ కట్టుకును అందనిది. ఆ ఎముక తలకు రక్తము తెచ్చు సన్నని నాళములు మెడను ప్రాకియే పైకి పోవును. మెడ విఱిగి జరిగినపుడు అవియు తెగుట కద్దు. తలయే నిర్జీవమై నశించును. అందులకే విఱిగిన తావునుబట్టి మరలు బిగించుటయో, కృత్రిమమైన తలను అమర్చుటయో చేయుదురు. ఇది రెండు దినములలోపల జరిగినచో మేలు. మంచముననే వదలివేసినచో ఒంటికి పుండ్లు, కాలి నరములలో రక్తపు గడ్డలు, ఊపిరితిత్తులలో నెమ్ము. తుంటి విఱిగిన వృద్ధులలో ఏడాదిలోపల గతించువారు ఐదుగురిలో ఒకరికి తక్కువ కారు. వారిని చంపునది విఱిగిన ఎముక కాదు, కదలని మంచము.

ప్రక్కకు పడుటయే తుంటికి ప్రమాదమేల? 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు వెలువరించిన కొలతలలో దీనికి చక్కని సమాధానము కలదు. నడకలో దేహభారము తొడయెముక మెడయొక్క అడుగువైపున పడుచుండుటచే, ఆ వైపు పెంకు ముదిమియందును దళసరిగానే నిలిచియుండును. పైవైపు పెంకునకు నడకలో పని స్వల్పము. పని తగ్గిన భాగమును దేహము అంతగా పోషింపదు. ఏండ్లు గడచినకొలది అది కాగితమువలె పలుచనగును. ప్రక్కకు పడినపుడు బలము తలక్రిందులై, బరువు మోయుటకు అలవాటుపడని ఆ పలుచని పైవైపే నలుగును. పరుగులిడు పూర్వుల దేహములలో, గెంతుటలో, చెట్లెక్కుటలో, ఆ భాగమునకును పని యుండెనేమో; మనము తిన్నని నేలమీద తిన్నగా నడచుచు దానిని మఱచితిమి. బరువు లేనిచో ఎముక ఎట్లు కరగునో అంతరిక్షమునకు పోయివచ్చువారు చెప్పుదురు: అచట వారి తుంటి ఎముక నెలకొక పాలో, అంతకు కొంచెము ఎక్కువో తఱుగును. ముసలివారిని ‘కదలకుండా కూర్చోండి’ అని గౌరవించు మన ఆదరము, తెలియకయే, వారిని ఆ స్థితికి చేర్చుచున్నది.

తుంటి విఱుగుళ్లలో నూటికి తొంబదికి పైగా పడుటవలననే కలుగుచున్నవి. కావున సగము చికిత్స ఇంటిలోనే యున్నది. తడి స్నానాలగది నేల, మంచమునకు దొడ్డికి నడుమ చీకటి, పొడుగు గడప, జారు పట్టాలు, అరిగిన చెప్పులు, పండిన కంటిశుక్లము, నిద్రమాత్ర, రక్తపోటు మాత్ర వేసికొని గభాలున లేచుట. వీనిలో ఒక్కొక్కటియు సవరింపదగినదే. గోడకు ఇనుపకడ్డీ నొకదానిని బిగించుటకగు ఖర్చు ఎంత? తొడ కండరములు బలముగా ఉన్నవారు తూలినను నిలదొక్కుకొందురు. చేతులానకుండ కుర్చీనుండి పదిసార్లు లేచి కూర్చుండుట ఇంటిలో చేయదగిన మంచి వ్యాయామము. నడుము పూసలు నలిగినవారు మాత్రము ముందుకు వంగి బరువులెత్తరాదు.

ఆహారము మాట అందఱెఱిగినదే గనుక క్లుప్తముగా చెప్పుదును. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ నిర్దేశించుచున్నది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. గ్లాసెడు పాలలో, గిన్నెడు పెరుగులో రెండేసి వందలకు పైన. రాయలసీమ సంగటి ముద్దను పేదల తిండియని పట్టణములు నిరసించి, ఇపుడు డబ్బాలలో పోసికొని కొనుచున్నవి. పప్పు, గ్రుడ్డు, చేప లేని పళ్లెమున మాంసకృత్తు చాలదు. గడ్డి లేని మట్టిగోడ నిలువదు. ఇంత ఎండగల దేశమున విటమిన్ డి కొఱత వ్యాపించియుండుట విచిత్రముగా తోచును గాని, నీడపట్టున పుట్టి, నీడపట్టున ఉద్యోగము చేసి, నిండుగా కప్పుకొని తిరుగువారి చర్మమునకు సూర్యుడు దొరకునా?

మందులు కలవు, పనిచేయును. తొలుచు కణములను అణచు బిస్ఫాస్ఫోనేట్ మాత్రలను పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మ్రింగి, అరగంట నిటారుగా కూర్చుండవలెను. ఏడాదికొకసారి నరమునకెక్కించు మందును కలదు. ఏండ్లకొలది నిలువకుండ వాడినచో తొడయెముక నడుమ అరుదుగా విచిత్రమైన పగుళ్లు కలుగునని కనుగొని, కొన్నేండ్లకు కొంత విరామమిచ్చుట వాడుకలోనికి వచ్చినది. ఆఱు నెలలకొకసారి వేయు డెనోసుమాబ్ సూదిని మాత్రము మన ఇష్టమున మానరాదు. మానినచో అణగియున్న కణములు ఒక్కపెట్టున విజృంభించి పూసలను నలగగొట్టును. ఎముకను క్రొత్తగా కట్టించు సూదిమందులును కలవు గాని, వెల ఎక్కువ. ఏది ఎవరికని నిర్ణయించుట వైద్యుని పని. అడుగుట మన పని. విఱిగిన ఎముకకు కట్టు కట్టించుకొని ఇంటికి మరలునపుడు, ‘ఇది ఎందుకు విఱిగింది డాక్టరు గారూ?’ అని ఒక్క ప్రశ్న అడిగినవారు తరువాతి విఱుగుడును తప్పించుకొనవచ్చును. నా మేనత్త చేయి విఱిగిన నాడు ఆ ప్రశ్న అడుగవలసినవాడను నేనే.

శస్త్రచికిత్స జరిగిన మఱునాడే ఆమెను వాకరు పట్టించి నిలువబెట్టిరి. మొదటి అడుగున ఏడ్చినది. పదవ దినమున వసారా చివరవఱకు నడచినది. మఱి నాలుగేండ్లు బ్రదికి, ప్రతి వేసవి ఆవకాయ కలుపుటను అరుగుమీద కూర్చుండి నడిపించెను. ఆ యింటిలో ఇపుడామె కుమార్తె, మా వదిన, ఏబదినాలుగేండ్లది, ఉన్నది. నడిమి గది ద్వారబంధమునకు మనుమల ఎత్తులు ఏటికొకటి చొప్పున పెన్సిలుతో గీసిన గీతలున్నవి. తల్లి పోయిన యేడాదినుండి మా వదిన భోగినాడు, తలంట్లయిన పిదప, పిల్లల వరుసలో తానును వెన్ను ఆనించి నిలువబడుచున్నది. పెద్ద మనుమడు తలమీద చదునైన పలక పెట్టి గీత గీయును. క్రిందటి సంక్రాంతికి నేనక్కడనే ఉంటిని. అద్దములు సవరించుకొని దగ్గఱగా వంగి చూచితిని. క్రొత్త గీత పాతగీతమీదనే పడినది.